షేర్ కాని మాట

మళ్ళీ ఇద్దరమ్మాయిలు వచ్చారు. చేతిలోని ఫోన్ చూశారు, తర్వాత కౌంటర్ వెనక నిలబడ్డ స్వర్ణలతను చూశారు. ఒకతె చున్నీ నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఏం సైజు కావాల్నమ్మా?" స్వర్ణలత అడిగింది. పొద్దుటినుంచీ వచ్చిన ప్రతి ఒక్కరినీ ఆమె ఇలాగే అడుగుతూ ఉంది.

వాళ్ళు ఏమీ కొనకుండానే వెళ్ళిపోయారు.

రెజిమెంటల్ బజార్‌లోని ఆ బట్టల దుకాణంలో ఆమెది తొమ్మిది వేల జీతం. రోజంతా నిలువుకాళ్ళ మీదే పని. మొన్న ఆదివారం ఆమె వంగి కుర్తీల మూట విప్పుతుంటే యజమాని కల్యాణ్ వెనకనుంచి ఫొటో తీశాడు. 'మీరు ఇంత లావున్నా సరే, మా దగ్గర సైజుంది' అని రాసి దుకాణం ఆన్‌లైన్ పేజీలో పెట్టాడు.

మాదాపూర్‌లో ఒక కంపెనీలో ప్రకటనల పని చేసి, తండ్రి పోయాక దుకాణం చూసుకుంటున్నవాడు కల్యాణ్. అన్నాళ్ళూ కుర్తీల ఫొటోలు ఎన్ని పెట్టినా ఎవరూ కన్నెత్తి చూడలేదు. దీన్ని మాత్రం తెల్లారేసరికి వేలమంది పంచుకున్నారు. మల్కాజ్‌గిరిలో ఆమె కూతురు కామాక్షి చదివే బడిదాకా పాకింది. ఆ పిల్ల అన్నం కంచం పక్కకు తోసి, "నేను సుత నీలెక్కనే అయితనా అమ్మా?" అని అడిగింది.

కల్యాణ్ ఆమెను లోపలి గదిలోకి పిలిచాడు. మొహం వెలిగిపోతోంది.

"స్వర్ణా, సీన్ మారింది! జనం నీ సైడ్ వచ్చారు. నన్ను తిడుతూ షేర్ చేస్తున్నారు. నవ్వినవాళ్ళకంటే వీళ్ళే ఎక్కువ."

"తిడుతుంటె సంబురమేంది సార్?"

"తిట్టినా జనంలోకి వెళ్ళేది మన షాపు పేరే కదా. చిన్న వీడియో తీద్దాం. 'నా ఒళ్ళంటే నాకు గర్వం' అను. మధ్యలో కొంచెం ఏడువు. ఏడుపుంటే ఇంకా బాగా వెళ్తుంది. జీతం కూడా పెంచుతాలే."

తన ఒంటి గురించి సిగ్గుపడటానికి గానీ గర్వపడటానికి గానీ ఆమెకు ఇన్నాళ్ళూ తీరిక దొరకలేదు. నవ్వినవాళ్ళూ, జాలిపడినవాళ్ళూ ఆమెను ఒక్కమాట అడిగిందీ లేదు.

కల్యాణ్ ఫోన్ ఎత్తి పట్టుకున్నాడు. "ఊఁ, మొదలెట్టు."

స్వర్ణలత సూటిగా చూసింది. "నా పేరు స్వర్ణలత. ఆ ఫొటో నన్ను అడగకుండ తీసిండ్రు, అడగకుండ పెట్టిండ్రు. తీసెయ్యుండ్రి అంటున్న. గంతే."

"అదేంటి! ఏడుపు లేదు, ఏం లేదు. దీన్నెవడు షేర్ చేస్తాడు?"

"ఎవ్వరు చెయ్యొద్దు సార్. ముందుగాల ఆ ఫొటో తీసెయ్యుండ్రి. నా ముందట్నే."

కల్యాణ్ మొహంలో వెలుగు ఆరిపోయింది. "తీసెయ్యను. ఇష్టం లేకపోతే రేపట్నుంచి రాకు."

"అక్కా, కుర్తీలు జెర చూపిస్తరా?" బయటినుంచి ఎవరో పిలిచారు. వెళ్ళమన్నట్టు అతను గుమ్మం వైపు చెయ్యి చూపించాడు.

స్వర్ణలత వెళ్ళలేదు. గది తలుపు మూసి, దానికి వీపు ఆనించి నిలబడింది.

"అక్కా!" బయట మళ్ళీ పిలిచారు.

ఆమె చూపు అతని చేతిలోని ఫోన్ మీదే ఉంది.