పదకొండు అట్లు, మూడు చెంచాలు

మొదటి అట్టు ఎప్పుడూ పెనానికి అంటుకుపోతుంది. పెనం ఎంత వాడిందైనా, వంకాయ తొడిమతో నూనె ఎంత రాసినా, మొదటిది చిరిగే వస్తుంది. ఆ చిరిగిన అట్టు ఎవరు తినాలో మా ఇంట్లో ఎవరూ ఎప్పుడూ పైకి చెప్పలేదు. పోసిన మనిషి తింటుంది, అంతే. పందొమ్మిదేళ్ళుగా నేనే తింటున్నాను, పొయ్యి దగ్గర నిలబడి, రెండో అట్టు కాలేలోపు.

ఆ రోజు కైకలూరులో, మా ఆడపడుచు పుష్పలత ఇంటి పెరట్లో, రెండు పొయ్యిల మీద రెండు పెనాలు పెట్టుకుని నూట ఇరవై ఒక్క అట్లు పోయడానికి కూర్చున్నాను. రెండువేల ఎనిమిది, అట్లతద్ది. పెళ్ళికి ముందు పట్టిన నోముకి పుష్పలత పదహారేళ్ళ తర్వాత ఉద్యాపన చేసుకుంటోంది. ఒక ఏడు పురుడు, ఒక ఏడు మైల, ఒక ఏడు చేపల చెరువుకి గండి, ఇలా ఏటా ఏదో ఒకటి అడ్డం వచ్చింది. మంచి మొగుడు రావాలని పట్టే నోము ఇది. మొగుడైతే వచ్చాడు. మంచి సంగతి ఉద్యాపన అయ్యాక తేలుతుంది కాబోలు. పదకొండుమంది ముత్తయిదువులు, మనిషికి పదకొండు అట్లు. ఆ పదకొండోదాన్ని నేనే. వాయనం పుచ్చుకునేదీ నేనే, అట్లు పోసేదీ నేనే. ఇంటి పెద్దకోడలి సంగతి అలాగే ఉంటుంది.

మొదటి అట్టు ముక్కలుగా వచ్చింది. అట్లకాడ మీద దాన్ని తీసుకుని, అలవాటుగా నోటిదాకా తెచ్చి ఆగిపోయాను. అటూ ఇటూ చూశాను. పెరటి చివర పుష్పలత గేదె ఉంది, దాని ముందు కుడితి గోలెం. లేచి వెళ్ళి ముక్కలన్నీ అందులో వేసి వచ్చాను.

"అదేంటమ్మాయ్! అట్టు గేదెకి పెడతావా?" అన్నారు మా అత్తయ్యగారు వీరరాఘవమ్మ, వరండాలో కుర్చీలోంచి.

"చిరిగిందండీ," అన్నాను.

"చిరిగితే తినకూడదేంటి? పారేస్తే పాపం."

ఆ మాట వినే నూట పద్దెనిమిది కిలోలయ్యాను నేను. కోపంతో అనడం లేదు, లెక్క అది. ఏలూరులో ఒక కాలేజీ లైబ్రరీలో ఉద్యోగం నాది. కుర్చీ విరుగుతుందేమోనని నాకు విడిగా ఇనప కుర్చీ వేయించారు. గ్రూపు ఫోటో తీసేటప్పుడు "మేడం, మీరు ఆ చివరికి రండి" అనేవారు. ఇంట్లో మావారు దుర్గేష్‌గారు నన్ను బండి ఎక్కించుకోవడం మానేసి ఎన్నాళ్ళయిందో గుర్తు లేదు. "టైరు సంగతి కూడా ఆలోచించాలి కదే," అని నవ్వేవారు, పక్కన ఎవరైనా ఉంటే ఇంకొంచెం గట్టిగా నవ్వేవారు. పెళ్ళిభోజనాల్లో నా విస్తట్లో రెండో బూరె పడగానే మోచేత్తో పొడిచేవారు. "ఇంక చాల్లే. జనం చూస్తున్నారు." అలా జనంలో తినకుండా లేచి వచ్చి, ఇంటికొచ్చాక వంటింట్లో నిలబడి తినేదాన్ని. సుగర్ వచ్చింది, మోకాళ్ళు పోయాయి. చివరికి ఏప్రిల్లో డాక్టర్లు పొట్టకి ఆపరేషన్ చెయ్యాలన్నారు. మేలో హైదరాబాదులో చేశారు. ఇప్పుడు నా పొట్ట కోడిగుడ్డంత.

అక్కడ హన్నమ్మ సిస్టర్ అని ఒక నర్సు ఉండేది. తాడేపల్లిగూడెం మనిషి. డాక్టర్లు ఇచ్చిన కాగితంలో ఓట్స్, సూపులు అని ఉంటే, ఆవిడ పక్కన కూర్చుని, "ఇదంటే మన పప్పుకట్టు తేట అమ్మా, ఇదంటే మన ముద్దపప్పు" అని మన వంటల్లోకి మార్చి చెప్పేది. ఆపరేషన్‌కి ముందు నాచేత వారంరోజుల తిండి రాయించింది. నేను బుద్ధిగా రాశాను. రెండు ఇడ్లీలు, కప్పు అన్నం, పెరుగు. చూసి కాగితం నాకే తిరిగి ఇచ్చేసింది. "కంచంలో పెట్టుకునేది కాదమ్మా, నోట్లోకి పోయేదంతా రాయండి," అంది. అప్పుడు రాశాను. చిరిగిన అట్టు. మా అమ్మాయి సగం వదిలేసిన పెసరట్టు. ఆయన కంచంలో మిగిలిన పులిహోర. రాత్రి అన్నం, పారేస్తే పాపం కాబట్టి. విరిగిపోయిన జంతికలు, అడుగంటిన పాయసం, పక్కింటివాళ్ళు పంపితే ఎవరికీ నచ్చని లడ్డూలు. రాస్తూ రాస్తూ మూడో పేజీ దగ్గర చెయ్యి ఆగిపోయింది. ఆ మూడు పేజీల్లో నాకోసం ఒకరు వడ్డించింది గానీ, నేను కావాలని వండుకుని కూర్చుని తిన్నది గానీ ఒక్కటంటే ఒక్కటి లేదు. మా ఏలూరు ఇంట్లో గేదె లేదు. కుడితి గోలెం మాత్రం ఉంది, అది నేనే.

ఆపరేషన్ సంగతి చుట్టాలకి తెలియకూడదని అత్తయ్యగారు ఒట్టు పెట్టించుకున్నారు. "సన్నబడ్డానికి పొట్ట కోయించుకుందంటే నలుగురూ నవ్విపోతారు. పిత్తాశయంలో రాళ్ళని చెబుదాం." అలాగే చెప్పాం. అందుకే పుష్పలత ఏమీ తెలియక నన్ను పదకొండోదాన్నిగా లెక్కపెట్టుకుంది. పిలిచిన రోజున అత్తయ్యగారూ ఏమీ అనలేకపోయారు. తీరా ఆ మధ్యాహ్నం, అట్లు డెబ్భై దాటాక, పుష్పలతకి ఉద్యాపన నియమం ఆవిడే చెప్పారు. వాయనం పుచ్చుకున్న మనిషే ఆ అట్లు తినాలి. బయటివాళ్ళకి ముక్క కూడా పెట్టకూడదు. మిగిలితే ఆవిడ ఇంటివాళ్ళే తినాలి, అదీ ఆ పూటే. పారేస్తే నోము చెడుతుంది. పుష్పలత అన్నిటికీ భయంగా తలూపింది. తాతారావుగారికి, అంటే పుష్పలత భర్తకి, కిందటేడు గుండెనొప్పి వచ్చి తగ్గింది. అప్పట్నుంచీ ఆ పిల్లకి ప్రతి నియమం ఆయన ప్రాణంతో ముడిపడినట్టే ఉంది. నేను పిండి గరిటె పట్టుకుని అత్తయ్యగారి వంక చూశాను. ఆవిడ చూపు తిప్పుకున్నారు.

అట్ల కంటే నా భయం తిమ్మనం గురించి. అట్లతద్దికి మా వైపు తప్పకుండా వండే తీపి అది. నానబెట్టిన బియ్యం రుబ్బి, పాలల్లో ఉడికించి, కొబ్బరికోరు వేసి, దించాక బెల్లం కలుపుతారు. పొయ్యి మీద ఉండగా బెల్లం వేస్తే పాలు విరిగిపోతాయి. ఆ దించే క్షణం నాకు బాగా తెలుసని అత్తయ్యగారే ఒప్పుకుంటారు. పెళ్ళయినప్పట్నుంచీ ఏటా నేనే వండాను. వేడి తిమ్మనం ఒక్కసారీ తినలేదు. అందరికీ వడ్డించాక గిన్నె అడుగు గీకి తినేదాన్ని, చల్లారి గట్టిపడ్డాక. ఇప్పుడు అదీ లేదనుకున్నాను. శ్రావణమాసంలో వంటింట్లో ఎవరూ చూడకుండా ఒక బూరె గబగబా తిన్నాను. అయిదు నిమిషాల్లో చెమటలు పట్టి, గుండె దడదడా కొట్టుకుని, కళ్ళు తిరిగి గచ్చు మీద పడుకుండిపోయాను. ఇంక పండగలు నాకు లేవనుకుని ఆ గచ్చు మీదే ఏడ్చాను. హన్నమ్మ సిస్టర్‌కి ఫోన్ చేస్తే తిట్టలేదు. "బూరె తప్పు కాదమ్మా, దొంగతనంగా నిలబడి మింగడం తప్పు. ముందు కాస్త పప్పు తినండి. ఆఖర్న తీపి, మూడు చెంచాలు. చిన్న చెంచా. కూర్చుని, నమిలి, మీకోసం వండినట్టు తినండి," అంది. ఆ తర్వాత నేను తీపి ముట్టలేదు. ధైర్యం చాల్లేదు.

పొద్దుపోయి చంద్రుడు వచ్చాడు. పుష్పలత ఇంటి వెనక అంతా చెరువులే, కలిదిండి వైపు కనుచూపు మేర. గట్లన్నీ నల్లగా ఉంటే చెరువు చెరువుకీ ఒక చందమామ. ఎన్ని చెరువులో అన్ని. పుట్టినప్పట్నుంచీ ఈ నీళ్ళ మధ్యే ఉన్నాను కదా, అట్లతద్ది చంద్రుణ్ణి అలా నిలబడి చూసింది లేదు. ఎప్పుడూ వంటింట్లోనే ఉండేదాన్ని. పూజ అయ్యాక వరసగా విస్తళ్ళు వేశారు. పుష్పలత నా కొంగులో వాయనం పెట్టి, నా కాళ్ళకి దణ్ణం పెట్టింది. ఆ పదకొండు అట్లూ విస్తట్లో దొంతిగా, ముద్దపప్పు, గిన్నెలో వేడి తిమ్మనం, పొగలు కక్కుతూ.

ముప్ఫై ఎనిమిది కిలోలు తగ్గిన నన్ను చూసి, పక్క విస్తరి దగ్గర కూర్చున్న మా దూరపు చుట్టం కాంతంగారు జాలిపడ్డారు. "మొహం పీక్కుపోయిందమ్మా. పండగపూటైనా కడుపునిండా తిను." పోయినేడు ఈవిడే, "ఇందుజా, కాస్త నోరు కట్టుకోవాలమ్మా," అన్నారు. ఆడదాని నోట్లో ఏం పోవాలో ఊరందరికీ తెలుసు, ఆ నోటికి తప్ప.

"పుష్పా," అన్నాను. గొంతు నేననుకున్నదాని కంటే గట్టిగా వచ్చింది. "నాకు రాళ్ళ ఆపరేషన్ కాదమ్మా. లావు తగ్గడానికి పొట్టకి చేశారు. నేను ఒక్క అట్టు కూడా పూర్తిగా తినలేను."

వరస వరసంతా నా వైపు తిరిగింది. పుష్పలత మొహం తెల్లబోయింది. "అయ్యో వదినా, మరి నోము?" అంది. కళ్ళల్లో నీళ్ళు. వరండాలోంచి అత్తయ్యగారి దగ్గు వినిపించింది. మామయ్య జోగారావుగారు పోయాక ఎనిమిదేళ్ళుగా ఆవిడని ఏ వాయనానికీ పిలవరు, ఏ వరసలోనూ కూర్చోనివ్వరు. నియమాలన్నీ తెలిసిన మనిషి నియమం వల్లే అవతల ఉంది.

"నోము చెడనివ్వను. భయపడకు," అన్నాను.

ముద్దపప్పు నాలుగు మెతుకులంత తీసుకుని నమిలాను. తర్వాత ప్రతి అట్టులోంచీ గోరంత ముక్క తుంచి, పదకొండు ముక్కలు, ఒక్కొక్కటే తిన్నాను. అప్పటికి వరసలో సగం మంది భోజనం ముగించి లేచిపోయారు. కాంతంగారు నా వంకే చూస్తూ కూర్చున్నారు. ఆఖర్న చిన్న చెంచాతో తిమ్మనం తీసుకున్నాను. ఇన్ని కళ్ళ ముందు కళ్ళు తిరిగి పడిపోతే ఏమవుతుంది అనుకున్నాను. అయినా కూర్చుని ఉన్నాను కదా, నా ముందు విస్తరి ఉంది కదా అని నోట్లో పెట్టుకున్నాను.

మింగలేదు. సిస్టర్ చెప్పినట్టు నములుతూ, ఎన్నిసార్లో లెక్కపెట్టడం మొదలెట్టి, ఏడు దగ్గర లెక్క మర్చిపోయాను. ముందు వేడి వచ్చింది. దాని వెనక బెల్లం, తీపిగా కాదు, చెరుకు కాగుతున్న వాసనలా. ఆ తర్వాత పంటి కింద కొబ్బరి. కొబ్బరిలోంచి పాలు వచ్చాయి, నిజంగా విడిగా వచ్చాయి. అన్నీ వెళ్ళిపోయాక ఎక్కడో ఆఖర్న ఏలక్కాయ. ఒళ్ళంతా గగుర్పొడిచింది. ఇంత చిన్న చెంచాలో ఇన్ని ఉన్నాయా? ఇన్నేళ్ళూ గిన్నెలకి గిన్నెలు గీకి మింగాను, ఇందులో ఒక్కటీ నాకు తెలియలేదే! ఇది నా చేత్తో వండింది. నా వంట ఇంత బాగుంటుందని నాకెవరూ చెప్పలేదు. "ఇంకొంచెం వెయ్యి" అన్నారంతే. రెండో చెంచాకి కళ్ళు మూసుకున్నాను. గుండె దడలేదు, చెమటలేదు. మునుపు లోపల ఎప్పుడూ ఎవరో గొణుగుతున్నట్టుండేది, త్వరగా, త్వరగా, ఎవరైనా చూస్తారు అని. ఆ గొణుగుడు లేదు. కడుపు నిండింది. జీవితంలో మొదటిసారి నాకు చాలు అనిపించింది, ఎవరూ మోచేత్తో పొడవకుండా.

కళ్ళు తెరిచేసరికి మావారు ఎదురుగా ఉన్నారు. పొద్దున్నే తాతారావుగారితో వెళ్ళినవారు చెరువుల దగ్గర్నుంచి భోజనానికి వచ్చారు. పుష్పలత ఆయన చెయ్యి పట్టుకుని గుమ్మంలోంచి తీసుకొచ్చి, జరిగింది చెబుతోంది. మా అమ్మాయి పరీక్షలని ఏలూరులో ఉండిపోయింది. అత్తయ్యగారు వాయనం ముట్టరు. నా ఇంటివాళ్ళంటే ఆ పూట అక్కడ ఒక్కరే ఉన్నారు.

"కూర్చోండి," అన్నాను విస్తరి ఆయన వైపు జరిపి. "పారేస్తే పాపం."

ఆయన గిల్లిన అట్ల వంక చూశారు. చుట్టూ ఆడవాళ్ళ వంక చూశారు. "ఎంగిలేంటే?" అన్నారు నెమ్మదిగా.

సమాధానం నేను చెప్పలేదు. వరండాలోంచి వచ్చింది. "పెళ్ళయిన నాటినుంచీ నీ ఎంగిలి అది తిన్లేదురా? కూచో. నీ చెల్లెలి నోము," అన్నారు అత్తయ్యగారు. ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు. కాంతంగారు చిన్నగా నవ్వారు, ఆయన వినేటట్టే. మావారు పీట మీద కూలబడ్డారు. నాలుగో అట్టు దగ్గర ఆయాసపడ్డారు, ఆరో అట్టు దగ్గర నీళ్ళడిగారు. పుష్పలత ఎదురుగా చేతులు జోడించుకుని కూర్చుంది, కాబట్టి ఆగడానికి లేదు. పదకొండోది పూర్తయ్యేసరికి చంద్రుడు కొబ్బరిచెట్ల పైకి వచ్చాడు.

తిని, మూతి తుడుచుకుని, నా చేతిలో గిన్నె వంక చూశారు. అందులో ఇంకా బోలెడు తిమ్మనం ఉంది. "అదీ తినాలా?" అని చెయ్యి చాపారు.

"నియమం అట్లకేనండీ," అన్నాను. "ఇది అత్తయ్యగారికీ నాకూ."

లేచి గిన్నె పట్టుకుని వరండాలోకి వెళ్ళి, ఆవిడ పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నాను. నా మూడో చెంచా ఇంకా మిగిలే ఉంది.