కరీముద్దీన్‌ను అడిగే లారీలు

1989 డిసెంబర్ 14, గురువారం ఉదయం తాండూరులోని ఒక సున్నపురాయి యార్డులో లారీలు ఆగిపోయాయి. లారీలను తూచే కాటా పనిచేస్తోంది. కంప్యూటరూ పనిచేస్తోంది. కానీ కాటా గుమాస్తా కరీముద్దీన్‌కు కంప్యూటరు హాజరులో సెలవు ఎక్కించినప్పటి నుంచి గేటు తెరుచుకోవడం లేదు.

మర్నాడు వికారాబాదులో అతని కూతురు రబియా నికా.

ఆ కంప్యూటరుకు ప్రోగ్రాం రాసింది వికారాబాదు కుర్రాడు నర్సింహులు. అందులో లారీ, కాటా, గేటు, బిల్లు దేని పని అది చేసుకునే విడివిడి వస్తువులుగా రాశాడు. పని తెలుసుకోవడానికి యార్డుకు వచ్చినప్పుడు ఏది అడిగినా అందరూ "కరీం భాయ్‌ని అడుగు" అన్నారు. అతను అదే రాసుకున్నాడు. ప్రోగ్రాంలో లారీ కరీముద్దీన్‌ను అడుగుతుంది. గేటూ, బిల్లూ అతన్నే అడుగుతాయి; అతను సెలవులో ఉంటే జవాబు రాదు, లారీ కదలదు.

"హాజరుల నీ చుట్టీ తీసేయ్," అన్నాడు మేనేజర్ జంగప్ప కరీముద్దీన్‌తో.

"ఉన్నట్టు రాసి నేను పోనా, సాబ్?"

"లేనోన్ని ఉన్నడని రాస్తే సేటుకు నేనేం చెప్పాలె? నువ్వు ఈడనే ఉండు."

"నికాకు బాపు రాకపోతే ఎట్ల, సాబ్? నా బదులు లారీని పంపాల్నా?"

కబురందుకుని వచ్చిన నర్సింహులు ప్రోగ్రాంలో కరీముద్దీన్ పేరున్న ప్రతిచోటా జంగప్ప పేరు పెట్టాడు. గేటు తెరుచుకుంది. జంగప్ప సంతోషించి టీ తెప్పించాడు.

"అయితే ఆదివారం కరణ్‌కోటల మా బామ్మర్ది ఇంట్ల దావత్‌కు పోవచ్చు గద?"

"పోవద్దు సార్. మీరు చుట్టీ పెడితే లారీలు ఆగుతయ్."

"ఎన్నొద్దులు గిట్ల?"

"మీరు రిటైరయ్యేదాంక."

జంగప్ప టీ గ్లాసు కింద పెట్టాడు. "ఏమయ్యా, లారీకి నా పేరెందుకు తెల్వాలె? తూకం తెలిస్తే సాలదా?"

"సాలు సార్."

"మరి ముందే గట్ల రాయకపోతివి?"

"ఎవరినడిగినా కరీం భాయ్ పేరే చెప్పిన్రు సార్."

నర్సింహులు మళ్లీ కూర్చున్నాడు. లారీ ఇక కాటాను తూకం మాత్రమే అడుగుతుంది. గేటు, బిల్లు ఆ తూకమే తీసుకుంటాయి. కాటా దగ్గర ఆ పూట ఎవరు కూర్చున్నదీ కాటాకు తప్ప దేనికీ తెలియదు. పరీక్షకు జంగప్ప రాళ్లు దించే బీరయ్యను కూర్చోబెట్టి, తనకూ కరీముద్దీన్‌కూ సెలవు ఎక్కించాడు. లారీ బయటికి వెళ్లింది. సాయంత్రం బండికి కరీముద్దీన్ వికారాబాదు వెళ్లాడు.

శుక్రవారం జుమా నమాజు తర్వాత నికా జరిగింది. జంగప్ప వచ్చి విందులో తీపి ఖుబానీ మీఠా రెండుసార్లు అడిగి వేయించుకున్నాడు. ఆ రోజు కాటా దగ్గర బీరయ్య కూర్చున్నాడు. లారీలు వెళ్లాయి.