మధుపర్కం మీద బొమ్మ పడింది

నేను ఒక మధుపర్కం చీరను. తెల్లటి నూలు, ఎర్రటి అంచు, అంతే. బండారులంకలో ఒక గుంట మగ్గం మీద పుట్టాను. నన్ను నేసినాయన ఆఖరి పోగు తెంపుతూ, "పో తల్లీ, ఒక్కపూట రాణివి" అన్నాడు. ఆ పూట గడిచాక ఏమవుతానో మాత్రం చెప్పలేదు. నా అయోమయం అక్కడే మొదలైంది.

ఆ ఒక్కపూటా బాగానే గడిచింది. ప్రసూన నన్ను కట్టుకుని కాకినాడలో ఒక కల్యాణమండపంలో పీటల మీద కూర్చుంది. తలంబ్రాలప్పుడు వెనకనుంచి స్నేహితులు కేకలు పెడుతుంటే, పెళ్ళికొడుకు వంశీధర్ పళ్ళెం అడుగున ముద్దగా ఉన్న పసుపు బియ్యాన్ని దోసిలి నిండా ఎత్తి గుమ్మరించాడు. అందులో సగం నా పమిట మీద పడింది. అరచెయ్యంత మచ్చ. ఎవరూ చూడలేదు, అందరూ ఫొటోగ్రాఫర్ వైపు చూస్తున్నారు. మనుషులదో వింత అలవాటు. జరిగేదాన్ని వదిలేసి, దాన్ని చూస్తున్నవాణ్ణి చూస్తారు.

ఆ తర్వాత నన్ను విప్పి చూడకుండానే మడతపెట్టి, వాళ్ళ అద్దె ఫ్లాటులో బీరువా పై అరలోకి తోసేశారు. రాణీవాసం కాబోలనుకున్నాను.

కొన్నాళ్ళకి బీరువా బయట కొత్త భాష వినిపించసాగింది. ల్యూమెన్లు, కాంట్రాస్టు, త్రో. ల్యూమెన్లంటే ఇంటికి రాబోయే చుట్టాలేమో అనుకున్నాను. ఎందుకంటే వంశీధర్ "ఎన్ని ఉంటే అంత మంచిది" అనేవాడు, ప్రసూన "మన హాలుకి అన్ని అక్కర్లేదండీ" అనేది. నూలుకి కూడా నంబర్లుంటాయి, అవి నాకు తెలుసు. ఈ నంబర్లు మాత్రం ఏ మగ్గానివో బోధపడలేదు.

వినగా వినగా తెలిసింది, ల్యూమెన్లంటే వెలుగు కొలతలని, వాళ్ళు ఇంట్లో సినిమా వేసుకునే ప్రొజెక్టరు కొనబోతున్నారని. ఆ ఇంట్లో మంచం ప్రసూన నాన్నగారు ఎంచారు. ఫ్రిజ్ అత్తగారు ఎంచారు. పోపుల డబ్బా కూడా ఆడపడుచు ఎంపికే. ఇద్దరూ కలిసి ఎంచుకునే మొదటి వస్తువు ఇదే. కలిసి అంటే, అతనికి పెద్దది కావాలి, ఆమెకి చిన్నది కావాలి.

"నీ చిన్నదాంట్లో ఒక్క వంక కనబడిందో, ఇక ఇంట్లోకి ఏం కొన్నా నా మాటే" అన్నాడు వంశీధర్.

"కనబడకపోతే?"

"నీ మాటే. ఆయ్! ఒట్టు."

అతనికది సరదా. ఆమె కూడా నవ్వుతూనే ఒప్పుకుంది. కానీ బీరువా తలుపు తీసి, ఏమీ తియ్యకుండానే మూసేస్తూ, "మా అమ్మ ఇన్నేళ్ళ కాపురంలో ఒక్క కర్టెను కూడా ఎంచలేదు" అని గొణుక్కోవడం నేను విన్నాను.

ప్రొజెక్టర్లు అమ్మే సూరిబాబు, వంశీధర్‌కి వేలువిడిచిన మేనమామ. "రెండూ పట్టుకెళ్ళి చూసుకోండ్రా, నచ్చనిది తెచ్చెయ్యండి" అన్నాడట. తెచ్చారు. తీరా చూస్తే ఇంటి గోడలు చిలకపచ్చ రంగు. దుప్పట్లన్నీ పువ్వులవి. ప్రసూనకి నేను గుర్తొచ్చాను.

ఆదివారం మధ్యాహ్నం కిటికీలు మూసి, నన్ను దండెం మీద అడ్డంగా పరిచి క్లిప్పులు పెట్టారు. పైనా కిందా ఎర్రంచు. "అబ్బ! చూడండి, ఫ్రేము కట్టినట్టు లేదూ!" అని ప్రసూన చప్పట్లు కొట్టింది. నాక్కూడా గర్వంగానే అనిపించింది. నా ఎడమ చెంగున మచ్చ ఉన్న సంగతి ఆ చీకట్లో వాళ్ళకి తెలియదు. నాకు తెలుసు, కానీ అదొక సంగతి అని తెలియదు.

ముందు ఆమె చిన్నది వెలిగింది. నా ఒంటి మీద ఒక సముద్రం, ఒక రైలు, తెల్లచొక్కా హీరో. హీరో ఎడమ పక్కకి నడిచాడు. మొహం పచ్చగా అయిపోయింది.

"పాపం, హీరోకి కామెర్లు!" అన్నాడు వంశీధర్.

ప్రసూన రంగులు తగ్గించింది, పెంచింది. హీరో నీలమయ్యాడు, గులాబీ అయ్యాడు. ఎడమకి వచ్చేసరికి మళ్ళీ పచ్చన.

"పందెం ఓడిపోయావోయ్."

ఆమె చిన్నదాన్ని ఆపి, దాని తీగ చుట్టడం మొదలుపెట్టింది. అది నేనే, నా మీదే ఉందది అని అరవాలనిపించింది. గుడ్డకి నోరేది?

అప్పుడు వంశీధర్ తన పెద్దదాన్ని పెట్టాడు. బొమ్మ నా మధ్యలో జేబురుమాలంతే పడింది. వెనక్కి జరిపాడు, ఇంకా జరిపాడు. చివరికి వంటింట్లో పొయ్యి గట్టు మీద పెడితేగాని బొమ్మ నా అంచుల దాకా నిండలేదు. హీరో ఎడమకి నడిచాడు. కామెర్లు!

వంశీధర్ మొహం చూడాలి. వెంటనే ఫోను అందుకుని స్పీకరులో పెట్టాడు. "ఏంటి మావయ్యా, రెండూ పాడైనవే ఇచ్చావు? అంతా పసుపు!"

"దేనిమీద వేశార్రా?"

"ప్రసూన మధుపర్కం మీద."

అవతల నవ్వు మొదలై, దగ్గులోకి దిగింది. "ఒరేయ్, మధుపర్కం మీద పసుపు కాక పెట్రోలుంటుందా!"

లైటు వేశారు. ఇద్దరూ నా దగ్గరకొచ్చి నిలబడ్డారు. ప్రసూన మచ్చ మీద వేలు పెట్టి, "ఇదెవరి నిర్వాకం?" అంది. అతను నెత్తి గోక్కున్నాడు.

"సరే, తప్పు నాదే. నువ్వే గెలిచావు, చిన్నదే ఉంచుకుందాం."

"జాలిపడి ఇవ్వక్కర్లేదు. మీరే ఆలోచించండి. ఇవాళే కాదు, రోజూ చూస్తాం కదా. ఈ గట్టు మీద మీ పెట్టె ఉంటే నేను కూర ఎక్కడ వండను?"

అతను గట్టు వైపు చూశాడు. చూసి, "తాలింపేస్తే బొమ్మంతా పొగే" అని తనే ఒప్పుకున్నాడు. ఇన్నాళ్ళూ ఆమె త్రో, త్రో అని మొత్తుకున్నది ఇదేనని అతనికీ నాకూ ఒకేసారి అర్థమైంది. తెర నిండాలంటే పెట్టె ఎంత వెనక ఉండాలన్న దూరం, అంతే! అంత చిన్న విషయానికి అంత పరాయి పేరు.

పెద్దదాన్ని పెట్టెలో సర్దుతూ అతను, "మరి దీన్ని బ్లీచింగులో నానేస్తే? తెరకి తెరా అవుతుంది" అన్నాడు. నా పోగులన్నీ బిగుసుకున్నాయి.

"ఏం వద్దు. తెర వేరే కొందాం. నేను కట్టుకుంటా దీన్ని."

ఒక్కపూట రాణినన్నారు, బీరువాలో పెట్టారు, దండెం మీద సినిమా చేశారు. ఇప్పుడు మళ్ళీ కట్టుకోవడమేమిటో నాకు తోచలేదు. ఆ సాయంత్రమే ఆమె భుజాన కూర్చుని, స్కూటరు మీద గాలికి ఎగురుతూ, సూరిబాబు దుకాణానికి వెళ్ళాను. ఆయన చూపు నా మచ్చ దగ్గర ఆగింది. నవ్వు ఆపుకుంటూ తెరలన్నీ వరసగా కిందికి లాగాడు.

"ఏది కావాల్రా వంశీ?"

"నన్నడుగుతావేంటి మావయ్యా? ఆవిణ్ణడుగు."

ప్రసూన ఒక అడుగు ముందుకు వేసి, పమిట సర్దుకుంది. ఆ పమిట నేనే.