సోడాలకి వెళ్ళిన అన్నయ్య

ఆ రోజు ఇంట్లో నాన్న, అమ్మ, నాయనమ్మ, నేను ఉన్నాం. వినుకొండ నుంచి లాయరు ప్రేమ్‌చంద్ గారు వచ్చి మంచం మీద కూర్చున్నారు. అన్నయ్య లేడు. లేడని రాయడానికే లాయరు గారు వచ్చారు.

అన్నయ్య పేరు అంకారావు. తన ఇంజనీరింగ్ చదువుకి బ్యాంకులో అప్పు తీసుకున్నారు. సంతకం అన్నయ్యది, దాని పక్కన నాన్నది. చేను కాయితాలు కూడా బ్యాంకులోనే పెట్టారు. చదువైపోయింది గాని ఉద్యోగం రాలేదు. ఒక ఎండాకాలం బ్యాంకు తరఫున ఇద్దరు మనుషులు వచ్చి మా అరుగు మీద కూర్చున్నారు. వాళ్ళు అరవలేదు, తిట్టలేదు. దారిన పోయేవాళ్ళందరికీ కనబడేలా కూర్చున్నారు, అంతే. మధ్యాహ్నం దాకా చూసి అన్నయ్య, "ఎండన పడి వచ్చారు, సోడాలు తెస్తా ఉండండి" అని చొక్కా వేసుకుని వెళ్ళాడు. మళ్ళీ రాలేదు. అప్పటికి నాకు తొమ్మిదేళ్ళు. అన్నయ్య ఏడి అనకుండా సోడాలేవి అని అడిగేదాన్నని నాయనమ్మ ఇప్పటికీ అంటుంది.

నాన్న స్టేషన్లో ఫిర్యాదు ఇచ్చాడు. తెలిసిన ఊళ్ళన్నీ తిరిగాడు. అప్పు మాత్రం కట్టలేదు. మిరపకి తెగులొచ్చిన ఏడు కట్టలేకపోయాడు, ధర బాగున్న ఏడు కట్టలేదు. పంట రుణాలు మాఫీ అయినప్పుడు మా ఊళ్ళో ముందే కట్టేసినవాళ్ళు నెత్తి కొట్టుకున్నారు, కట్టకుండా కూర్చున్నవాళ్ళు నవ్వుకున్నారు. అది చూసిన నాన్న, చదువు రుణం కూడా ఏదో ఒక ఎన్నికకి మాఫీ కాకపోతుందా అని కూర్చున్నాడు. ఎన్నికలు వచ్చి వెళ్ళాయి. చివరికి చేను వేలం వేస్తామని నోటీసు వచ్చింది.

"బ్యాంకు వాళ్ళు ఈ అప్పుని పోయినేడే కొట్టేశారండీ యలమందయ్యగారూ" అన్నారు లాయరు గారు మజ్జిగ తాగుతూ.

నాయనమ్మ గోడకి ఆనుకుని చెవులు రిక్కించి కూర్చుంది. "కొట్టేశారా? మరింకేందబ్బాయ్! ఆ ముక్క ముందే చెబితే మజ్జిగ బదులు కోడిని కోసేవాళ్ళం గదా!"

"వాళ్ళ పుస్తకాల్లో కొట్టేసుకున్నారు మామ్మగారూ. మీ మీద కొట్టెయ్యలా. వసూలు మానరు."

"పుస్తకంలో లేని బాకీ మనిషి మీద ఎట్టా ఉంటదీ?"

నేను అడగాలనుకున్నదీ అదే. నా మనసులో ఉన్నవి చాలావరకు నాయనమ్మే అడిగేస్తుంది. నేను నోరు తెరిచేలోపు ఎప్పుడూ మాట దాటిపోతుంది. అందుకే అన్నీ డైరీలో రాసుకుంటాను. లాయరు గారు నవ్వి, అది బ్యాంకుల లెక్క, మీకూ నాకూ అర్థం కాదులెండి అన్నారు. లాయరుకే అర్థం కానిది మాకెలా అర్థమవుతుందో నాకు తెలియలేదు.

"మొత్తానికి పోయేది ఎప్పుడండీ?" అన్నాడు నాన్న.

లాయరు గారు గ్లాసు కింద పెట్టారు. "అప్పు తీసుకున్నవాడు పోతే."

నాయనమ్మ గోడ వదిలి ముందుకి జరిగింది.

"అప్పు ఇచ్చేటప్పుడే పిల్లోడి పేరు మీద బీమా కట్టించుకున్నారు. పిల్లోడు లేడంటే బీమా వాళ్ళు బ్యాంకుకి కడతారు. కొంత పేచీ పెడతారనుకోండి, అది నేను చూసుకుంటా. ఏడేళ్ళపాటు మనిషి జాడ అయినవాళ్ళెవరికీ తెలియలేదనుకోండి, చనిపోయినట్టే అని కోర్టు నమ్ముద్ది. దాని మీద ఒక ఆర్డరు తెచ్చుకుంటే చేను మీకే మిగిలిపోద్ది."

"ఏడేళ్ళకేనా?" అంది నాయనమ్మ. "మన రాధాకృష్ణమూర్తి పంతులు పన్నెండేళ్ళు ఆగాలన్నాడే! పన్నెండేళ్ళు చూసి అప్పటికీ రాకపోతేనంట, దర్భలతో బొమ్మ చేసి కర్మ చెయ్యాల. అప్పటిదాకా ఉన్నట్టే లెక్క."

"అది శాస్త్రం మామ్మగారూ. ఇది కోర్టు."

"అయితే నా మనవడు కోర్టులో పోయి, పంతులు దగ్గర ఐదేళ్ళు బతికుంటాడా?"

నాన్న "ఊరుకోవే అమ్మా" అన్నాడు. నవ్వాలో ఏడవాలో తెలియక నేను అమ్మ వైపు చూశాను. అమ్మ కంది పప్పు చెరుగుతోంది. చేట ఒకే తీరుగా ఆడుతోంది. అమ్మ తల ఎత్తలేదు.

నేను అమ్మ వైపు చూడటానికి కారణం ఉంది.

మాఘమాసంలో కళ్ళ పరీక్షకి నాన్న నన్ను వినుకొండ తీసుకెళ్ళాడు. బోర్డు మీది అక్షరాలు అలుక్కుపోయినట్టు ఉండేవి. అద్దాలు వారం ఆగి ఇస్తామన్నారు. నాన్న నన్ను కళ్ళజోళ్ళ షాపు ముందే నిలబడమని పురుగుమందుల కొట్టుకి వెళ్ళాడు. ఎదురుగా పత్తి లోడు లారీ ఒకటి ఆగి ఉంది. లోడు మీద ఒకతను తాడు బిగిస్తున్నాడు. తాడు కొసని పళ్ళతో పట్టుకుని, ఎడమ చేత్తో ముడి వేశాడు. అన్నయ్య మా గేదెకి పలుపు అలాగే వేసేవాడు. నాయనమ్మ "గేదె నాకిన తాడురా అది" అని తిట్టినా మానేవాడు కాదు.

అతను కిందకి చూశాడు. చాలాసేపు చూశాడనిపించింది. అన్నయ్యా అనే మాట నాకు గొంతు దాకా వచ్చింది గాని బయటికి రాలేదు. రోడ్డు నిండా మగవాళ్ళు ఉన్నారు. అతను చెయ్యి ఎత్తాడు. నా కోసం ఎత్తాడో, తాడు పట్టుకోవడానికి ఎత్తాడో తెలియదు. లారీ కదిలింది. నంబరు చదవబోతే అదీ అలుక్కుపోయింది.

ఇంటికొచ్చి అమ్మకి చెప్పాను. అప్పుడు అమ్మ కళ్ళంలో ఆరబోసిన మిరపకాయల్లో తాలుకాయలు ఏరుతోంది. అదిరిపడుతుందనుకున్నాను. "కాళ్ళకి చెప్పులున్నాయా?" అని అడిగింది. చూడలేదన్నాను. "చిక్కాడా?" అని అడిగింది. లోడు మీద ఉన్నాడు, తెలియలేదన్నాను. "మీ నాన్నకి చెప్పబాక" అంది. అంతే, మళ్ళీ కాయలు ఏరింది.

ఆ మర్నాడు ఒకటి జరిగింది. అన్నయ్యకి పండుమిరప పచ్చడంటే ప్రాణం. అన్నయ్య వెళ్ళినప్పటి నుంచి అమ్మ ఏటా ఆ పచ్చడి పడుతుంది గాని, తను మాత్రం ముట్టదు. నా కొడుకొచ్చాకే తింటానని అంకమ్మ తల్లికి మొక్కుకుంది. ఆ మర్నాడు మధ్యాహ్నం అందరం తిన్నాక అమ్మ వంటింట్లో ఒక్కతే కూర్చుని, అన్నంలో పచ్చడి ఎర్రగా కలుపుకుని తింది. కళ్ళ నుంచి నీళ్ళు కారుతున్నాయి. కారానికేమో అనుకుని నేను మంచినీళ్ళు ఇచ్చాను.

కాబట్టి అన్నయ్య బతికి ఉన్నాడని అమ్మ నమ్మింది. మరి ఇప్పుడు లాయరు గారి ముందు పప్పు ఎందుకు చెరుగుతోంది?

లాయరు గారు కాగితాలు తీశారు. "ఒక్కొక్కళ్ళు చెప్పండి. కోర్టులో కూడా ఇదే అడుగుతారు. యలమందయ్యగారూ, ఈ ఏడేళ్ళలో మీ అబ్బాయి మీకు కనబడ్డాడా? ఫోనన్నా చేశాడా?"

"లేదండి" అన్నాడు నాన్న.

"మామ్మగారూ మీకు?"

"ఎందుకు కనబళ్ళా? మొన్న ఏకాదశి నాడు కలలోకొచ్చి మజ్జిగ పొయ్యమన్నాడు."

"కల చెల్లదు మామ్మగారూ."

"మాకు చెల్లుద్దిలే."

"మీరండీ, కోటిరత్నం గారూ?"

చేట ఆగింది. అమ్మ పప్పులో నుంచి ఏరిన రాయిని గుమ్మం అవతలికి విసిరింది. "లేదండి" అంది.

నేను చూసింది అన్నయ్య కాదని అమ్మకి ఏమైనా తెలిసిందా? తెలిస్తే పచ్చడి ఎందుకు తింది? అన్నయ్యే అయితే లేదని ఎలా అంది?

"ఒక్కటి గుర్తుపెట్టుకోండి" అన్నారు లాయరు గారు కలం మూత పెడుతూ. "ఆర్డరు వచ్చాక పిల్లోడు వచ్చి గుమ్మంలో నిలబడ్డాడనుకోండి, మనందరం వెళ్ళి బోనులో నిలబడాలి. ఎవరికన్నా ఏదన్నా తెలిస్తే ఇప్పుడే చెప్పాల. పాపా, నువ్వు సంతకం పెట్టక్కర్లేదులే, మైనరువి. ఊరికే అడుగుతున్నా. నీకేమన్నా తెలుసా?"

అందరూ నా వైపు తిరిగారు. నాన్న ముఖం చూశాను. ఆ చేనుకి నీళ్ళు పెట్టీ పెట్టీ నాన్న కాలివేళ్ళ సందులు ఎప్పుడూ నాని పాసిపోయి ఉంటాయి. నాకు ఇష్టం లేకుండానే నోరు తెరుచుకుంది.

"వినుకొండలో..." అన్నాను.

"వినుకొండలో అద్దాలు చేయించామండి దీనికి" అంది అమ్మ వెంటనే. "మొన్నటిదాకా చూపు ఆనేది కాదు. గేదెని చూసి దున్నపోతనేది. రావే, లోపల మిరపకాయల మీద పిల్లి ఎక్కినట్టుంది."

లాయరు గారు నవ్వారు. నాన్న నవ్వలేదు. నన్నూ అమ్మనూ మార్చి మార్చి చూశాడు, తరువాత నేల చూశాడు.

అమ్మ నా జబ్బ పట్టుకుని వెనక గదిలోకి తీసుకెళ్ళింది. అక్కడ పిల్లి లేదు. మిరపకాయలు కుక్కిన టిక్కీలు గోడ వారగా పేర్చి ఉన్నాయి, ఘాటుకి నాకు దగ్గు వచ్చింది. అమ్మ నా కళ్ళజోడు తీసి పైట చెంగుతో తుడిచి, మళ్ళీ నాకే పెట్టింది.

"నువ్వు చూశావు. నాకు చాలు" అంది చిన్నగా. "వాళ్ళకి కనబడక్కర్లా. వాడి వెనక తిరిగేవాళ్ళు తిరగడం మానేస్తారు. చేనూ ఉంటది. కాయితం మీదే గదే పొయ్యేది, మనిషికేమవుద్ది?"

అది విన్నప్పుడు సరిగ్గానే ఉన్నట్టు అనిపించింది. అమ్మ గుమ్మం దాటింది. తలుపు మీద చెయ్యి వేసింది. అప్పుడు నాకు లాయరు గారి మాట గుర్తొచ్చింది.

"అమ్మా" అన్నాను. ఈసారి మాట గొంతులో ఆగలేదు. "మరి అన్నయ్య ఇంటికొస్తేనో?"

అమ్మ చెయ్యి తలుపు మీదే ఉండిపోయింది. నాకు ఇప్పుడు చూపు బాగా ఆనుతుంది. అమ్మ పెదవులు కదలడం కనబడింది గాని మాట వినబడలేదు. వసారాలో నుంచి లాయరు గారు, "అమ్మా, సంతకం" అని పిలిచారు.

అమ్మ నా ముఖం మీదే తలుపు వేసింది.