మాత్రల సమ్మె

శనివారం పొద్దున్న ఓట్స్ జావ బల్లల మీదికి వచ్చిన కాసేపటికి, బర్చ్ హిల్ వృద్ధాశ్రమం భోజనాల హాల్లో ఆర్వో లేహ్టినెన్ నోరు మూసుకున్నాడు. అది పెద్ద వార్తే. ఆయన నోరు మూసుకోవడం కెనడాలోని ఆ సడ్బరీ ఊళ్లో ఎవరూ చూడలేదు. నికెల్ గనిలో ఉన్నన్నాళ్లూ యూనియన్ కోసం అరిచాడు, రిటైరయ్యాక టీవీలో హాకీ చూస్తూ అరిచాడు, ఆశ్రమంలో చేరాక ఉడికించిన ప్రూన్ పళ్ల మీద అరిచాడు. అలాంటివాడు పెదాలు బిగించి, నర్సు గ్వెన్ పట్టుకున్న చెంచా ముందు గోడలా కూర్చున్నాడు. చెంచాలో ఆపిల్ గుజ్జు. గుజ్జులో నలగ్గొట్టిన బీపీ మాత్ర.

"తెరువు ఆర్వో, నా బంగారం కదూ," అంది గ్వెన్.

ఆర్వో తల అడ్డంగా ఊపి హాలు మూలకి వేలు చూపించాడు. అక్కడ ఒడెట్ షార్లబ్వా ఒక ముసలావిడ మెడకి తువ్వాలు కడుతోంది.

"ఆ పిల్ల ఇస్తేనే మింగుతా."

ఆ పిల్లకి యాభై దాటాయి. మోకాళ్లు కిర్రుమంటాయి. ఏళ్ల తరబడి ఈ ఆశ్రమంలో సహాయకురాలు: స్నానాలు, బట్టలు, పక్కలు, బాత్రూములు, ఎత్తడం, దించడం. ఎత్తీ దించీ నడుం పోతుందని, ప్రాక్టికల్ నర్సు కోర్సులో చేరింది. పాత సహాయకులకి కాలేజీవాళ్లు కోర్సులో మొదటి మెట్లు మాఫీ చేస్తారు. చివర్లో ఏదో ఒక ఆశ్రమంలో శిక్షణ చెయ్యాలి. ఊళ్లో ఇన్ని ఆశ్రమాలుండగా కాలేజీ ఒడెట్‌ని తెచ్చి తెచ్చి బర్చ్ హిల్‌లోనే పడేసింది.

దాంతో ఒడెట్ ఇద్దరైపోయింది. మంగళ, బుధవారాలు మెరూన్ చొక్కా, విద్యార్థి నర్సు. పక్కన టీచరు నిలబడితే మాత్రలివ్వచ్చు, ఇన్సులిన్ పొడవచ్చు. శని, ఆదివారాలు ఆకుపచ్చ చొక్కా, పాత సహాయకురాలు. మాత్ర కింద పడితే ముట్టుకోకూడదు, దాని పక్కన కాపలా నిలబడి నర్సుని పిలవాలి. మనిషి అదే, చేతులు అవే, బుర్ర అదే. చొక్కా మారితే చేతులకున్న తెలివి ఆవిరైపోతుందని రూలు. ఆ రూలు రాసిన పెద్దలు ఒక్క శనివారం ఆకుపచ్చ చొక్కా తొడుక్కుని తిరిగితే తెలిసేది. తిరగరు.

"ఇవాళ ఇవ్వకూడదు ఆర్వో. చొక్కా చూడు," అంది గ్వెన్.

"బుధవారం ఇచ్చిందా లేదా?"

"ఇచ్చింది."

"నేను చచ్చానా?"

"లేదు."

"మరి శనివారానికి మర్చిపోయిందా? మతిమరుపు రోగం మాకా, దానికా?"

హాల్లో అందరూ చెంచాలు దించేశారు. ఆర్వో వాకర్ పట్టుకుని లేచాడు. "కామ్రేడ్స్! ఒడెట్ ఇచ్చేదాకా ఈ హాల్లో ఒక్క మాత్ర మింగొద్దు!"

వారం రోజులుగా వాళ్లకి బింగో తప్ప మరో కాలక్షేపం లేదు. క్షణంలో మందుల బండి చుట్టూ వాకర్లు తిరగడం మొదలైంది. వాకర్ల కాళ్లకి టెన్నిస్ బంతులు తొడిగి ఉంటాయి కాబట్టి ఊరేగింపు పిల్లిలా చప్పుడు లేకుండా సాగింది. మిసెస్ కోవల్‌చుక్‌కి చెవులు వినపడవు. బింగోకి లైను కడుతున్నారనుకుని ఆవిడా చేరింది.

ఒడెట్ కడుతున్న తువ్వాలు వదిలేసింది. సంగతేంటంటే, ఆమె సహాయకుల యూనియన్‌కి ప్రతినిధి కూడా. మొన్న చలికాలం మంచులో గేటు దగ్గర పికెట్ నడిపింది తనే. ఇంత పద్ధతైన పికెట్ వెనక ఎవరున్నారని ఎవరైనా అడిగితే జవాబు ఒకటే. పైగా, నిజం చెప్పాలంటే, ఆ గుండ్రటి ఊరేగింపు చూస్తుంటే ఆమెకి లోపల ముచ్చటేసింది కూడా. మనిషికీ మనిషికీ మధ్య ఎడం సరిగ్గా పాటిస్తున్నారు.

ఆమె వెళ్లి ఆర్వోని కిటికీ దగ్గరికి లాగింది.

"ఆపు ఆర్వో. ఈ చొక్కాతో మాత్ర ముట్టుకున్నానో, బుధవారం పరీక్షకి రానివ్వరు. నర్సు అవ్వడం ఇక్కడితో సరి."

"నీకోసమే కదే ఇదంతా!"

"నాకోసమైతే నా మాట విను."

"ఉద్యమం మొదలయ్యాక మధ్యలో నీ సొంత గొడవ తేకు," అన్నాడు ఆర్వో కోపంగా. "యూనియన్ ప్రతినిధివి. సిగ్గుండాలి."

"సరే, డిమాండ్లేంటి?"

"ఒకటి, నువ్వు. రెండు, ఓట్స్‌లో బ్రౌన్ షుగర్. మూడోది కమిటీ ఇంకా ఆలోచిస్తోంది."

"యాజమాన్యం తరఫున ఎవరితో మాట్లాడతావు?"

ఆర్వో గ్వెన్‌ని చూపించాడు. గ్వెన్ మొహం కందగడ్డయింది. "నేను యాజమాన్యమా? నేనూ యూనియన్ మనిషినే, ముసలోడా!"

"అయితే బండి వదిలి ఇటు రా!"

గ్వెన్ ఒక్క క్షణం నిజంగానే ఇటు అడుగేసింది. తర్వాత మందుల వేళ గుర్తొచ్చి వెనక్కి వెళ్లి, మేనేజరుకి ఫోన్ చేసింది. మేనేజరు చేపలు పట్టడానికి సరస్సు మీద ఉంది. ఆవిడ కాలేజీ టీచరుకి ఫోన్ చేసి తన గొడవ వదిలించుకుంది. పైవాళ్లు చేసే పని ఎప్పుడూ ఇంతే.

టీచరు మిసెస్ ఒపోకు జడలల్లే దుకాణంలోంచి అలాగే లేచి వచ్చింది. తల సగం వరకు సన్నటి జడలు, మిగతా సగం మబ్బులా లేచి ఉంది. ఆ అవతారం చూసి నవ్వే ధైర్యం ఎవరికీ లేదు. పక్షవాతంతో మూతి వంకరైన పెద్దాయన కూడా మూతి సరిచేసుకున్నాడు.

"ఒడెట్, ఇది నువ్వు చేయించావా?"

"లేదు మేడమ్."

"నువ్వు ఆపగలవా?"

"ఒట్టి మాటలతో ఆగదు మేడమ్."

"ఆకుపచ్చ చొక్కాతో ఒక్క మాత్ర ముట్టుకున్నా బుధవారం రానక్కర్లేదు. ఇది ఆగకపోయినా రానక్కర్లేదు. నాకూ ఇష్టమై చెప్పడం లేదు," అని మిసెస్ ఒపోకు గోడకి ఆనుకుని నిలబడింది.

ఒడెట్ తిట్టుకుంది, వాళ్ల సడ్బరీ ఫ్రెంచిలో, చర్చి గంటలు ఉలిక్కిపడేలా. అప్పుడు గుర్తొచ్చింది: పొద్దున్న హడావిడిలో తన బీపీ మాత్ర తను వేసుకోలేదు. సంచిలో ఉంది. సొంత మాత్ర, సొంత నోరు. ఏ చొక్కా రూలూ దీనికి అడ్డు రాదు.

సంచి తెచ్చుకుని పికెట్ మధ్యలోకి నడిచింది.

"అందరూ ఇటు చూడండి!"

చూశారు. మాత్ర ఎత్తి చూపించింది. నాలుక మీద పెట్టుకుంది. ఆర్వో గ్లాసులోని ఆరెంజ్ జ్యూసే ఎత్తి గటగటా తాగి మింగేసింది.

వాకర్లు ఎక్కడివక్కడ ఆగిపోయాయి.

"పెర్కెలే!" అన్నాడు ఆర్వో. ఫిన్లాండువాళ్లకి ఆ తిట్టు ఒక్కటి చాలు. "సమ్మె జరుగుతుంటే మింగింది! నా జ్యూస్‌తో!"

"ద్రోహి!" అని బొంగురు గొంతులు లేచాయి. "సమ్మె ద్రోహి!" మిసెస్ కోవల్‌చుక్ ఎవరికో బింగో తగిలిందనుకుని చప్పట్లు కొట్టింది.

ఆర్వో గ్వెన్ వైపు తిరిగాడు. "నా మాత్ర ఇటు తే అమ్మా. ఆ ద్రోహి చేత్తో అమృతం ఇచ్చినా ముట్టను!"

అందరూ కసికొద్దీ మింగారు. అడగని నీళ్లు కూడా తాగారు. బండి ఖాళీ అయింది. మిసెస్ ఒపోకు తల పంకించి, మిగతా సగం జడలకి వెళ్లిపోయింది. ఒడెట్ బాత్రూములో కూర్చుని కాసేపు నవ్వింది, కాసేపు ఏడ్చింది, తర్వాత ఎవరో గంట కొడితే పరిగెత్తింది.

బుధవారం వచ్చింది. మెరూన్ చొక్కా ఇస్త్రీ చేసుకుని ఒడెట్ బండి తోసుకొచ్చింది. పక్కన మిసెస్ ఒపోకు, జడలు పూర్తయ్యాయి. ఆఖరి పరీక్ష: ఒడెట్ తన వంతు మాత్రలన్నీ వేళకి మింగించాలి.

ఒక్క నోరూ తెరుచుకోలేదు.

"ద్రోహి చేత్తో మింగం," అన్నాడు ఆర్వో మర్యాదగా.

"వేళ దాటితే నేను పాస్ చెయ్యలేను," అంది మిసెస్ ఒపోకు మెల్లగా.

ఒడెట్ ఆర్వో కుర్చీ పక్కన కిర్రుమంటూ మోకాళ్ల మీద కూర్చుంది.

"ద్రోహం ఎవరికోసం చేశావు?" అడిగాడు ఆర్వో.

"నాకోసమే. నర్సు అవ్వాలని."

"ఒప్పుకుంటున్నావా?"

"ఒప్పుకుంటున్నా. మళ్లీ శనివారం వచ్చినా అదే చేస్తా. ఎత్తీ ఎత్తీ నా నడుం పోయింది, ఆర్వో. నిన్నే ఎన్నిసార్లు ఎత్తానో."

ఆర్వో గడ్డం గోక్కున్నాడు. కమిటీని సంప్రదించాడు, కమిటీ, అంటే మిసెస్ కోవల్‌చుక్, నిద్రపోతోంది. తీర్పు చెప్పాడు: "ప్రతి సభ్యుడి ముందూ నోటితో ఒప్పుకోవాలి. అప్పుడు మింగుతాం."

ఒడెట్ భయంగా టీచరు వైపు చూసింది. టీచరు గోడ మీది గడియారం చూసింది.

"మందిచ్చే ముందు నువ్వెవరో రోగికి స్పష్టంగా చెప్పాలని రూలు," అంది మిసెస్ ఒపోకు. "ఇంతకు మించి చెప్పకూడదని ఎక్కడా లేదు."

అలా మొదలైంది. "నా పేరు ఒడెట్. విద్యార్థి ప్రాక్టికల్ నర్సుని. సమ్మె ద్రోహిని. ఇది మీ గుండె మాత్ర." నోరు తెరుచుకునేది. "నా పేరు ఒడెట్. విద్యార్థి ప్రాక్టికల్ నర్సుని. సమ్మె ద్రోహిని. ఇది మీ షుగర్ మాత్ర." మిసెస్ కోవల్‌చుక్‌ని లేపి, అదంతా చెవిలో రెండుసార్లు అరిచింది. ఆవిడ "సంతోషం, నేను ఉక్రెయిన్‌దాన్ని" అని మింగింది.

ఆఖర్న ఆర్వో.

"గట్టిగా," అన్నాడు. "గనిలో పేలుళ్లు విన్న చెవులివి."

ఒడెట్ ఊపిరి పీల్చి అరిచింది. వంటగదిలో పళ్లెం జారిపడిన చప్పుడు వినిపించింది. ఆర్వో నోరు తెరిచాడు. ఆమె చెంచా పెట్టింది. మింగాడు. మొహం చిట్లించాడు.

"ఆపిల్ గుజ్జు పుల్లగా ఉంది. ఫిర్యాదు ఎవరికివ్వాలి?"

"యూనియన్ ప్రతినిధికి."

"ఆవిడ ద్రోహి కదా!"

"ఉన్నది ఆవిడొక్కతే. చెప్పు, వింటున్నా," అంది ఒడెట్, చెంచా తుడుస్తూ.

"పాస్," అంది మిసెస్ ఒపోకు. "గొంతు మాత్రం కాస్త తగ్గించు."