ఫీడరు అన్న మాట

నేను ఒక బాస్కెట్ బాల్‌ను. ఆ సంవత్సరం కప్పు తప్పు మనిషికి ఇచ్చారు. ఇందులో వాదించుకోవడానికి ఏమీ లేదు. వాదన జరిగింది. వాదించినంతసేపూ నేను వాళ్ళ ముందు బల్ల మీదే ఉన్నాను. నలభై నిమిషాల ఆటలో ఏ క్షణాన ఎవరి చేతిలో ఉన్నానో పూర్తిగా తెలిసింది నాకొక్కదానికే. నన్ను ఎవరూ అడగలేదు.

పుట్టింది పంజాబులో, ఒక ఇరుకు సందులో. లోపల రబ్బరు తిత్తి, దాని మీద దారం చుట్లు, పైన ఎనిమిది తోలు ముక్కలు. ముక్కలు అతికించినవాడికి నేను ఆ రోజు పదిహేడో బంతిని. వాడు ఈ ఆటను జన్మలో చూడలేదు. చూడకపోయినా కొలత ఎక్కడా తప్పలేదు. మనుషుల్లో ఇలాంటివాళ్ళు కొందరుంటారు. వాళ్ళ పేర్లు దేని మీదా ఉండవు. నా మీద ఉన్నది కంపెనీ పేరు.

గాలి తీసి గోనె సంచిలో వేసి రైలెక్కించారు. గోనె సంచిలో వెళ్ళి గోనె సంచులు నేసే ఊరికే చేరాను. ఉత్తరాంధ్రలో గుర్లపాడు. అక్కడ గోగునార మిల్లు, మిల్లుకో క్లబ్బు, క్లబ్బు వెనక సిమెంటు కోర్టు. మిల్లు బడిలో డ్రిల్లు మాస్టారు జోగారావు నాకు గాలి కొట్టాడు. రెండు బొటనవేళ్ళతో నొక్కి చూసి, "బాగున్నావు" అన్నాడు. మంచివాడు. ఈ కథలో అందరికంటే ఎక్కువ నష్టం చేసింది ఆయనే.

నాకు మనుషులు చేతులతో తెలుస్తారు. ముఖాలతో నాకు పని లేదు. కమలాకర్ చేతులు పొడుగు, పొడి. మిల్లు ఆఫీసులో టైపిస్టు. నన్ను పట్టుకుంటే నేను అతని సొత్తునని తెలిసేలా పట్టుకునేవాడు. ఎక్కడి నుంచి వేసినా రింగులో పడేదాన్ని. గొప్ప ఆటగాడు, కాదనను.

పోలినాయుడి చేతుల సంగతి వేరు. మొదటిసారి తగిలినప్పుడు తగిలాయో లేదో తెలియలేదు. నార నూనె వాసన వచ్చింది, అరచేతి కాయలు కొంచెం గీసుకున్నాయి. అంతలోనే నేను ఇంకొకరి దగ్గర ఉన్నాను. ఎవరు పంపారో అందుకున్నవాడికి తెలియదు. నాకే ఆశ్చర్యం వేసింది. తోలు ముక్కల మధ్య ఆ వేళ్ళ జాడ వెతుక్కున్నాను.

అతను మిల్లులో బదిలీ కూలీ. పర్మనెంటువాడు పనికి రాని రోజే అతనికి పని. నారను దువ్వే యంత్రం నోటి ముందు నిలబడి పిడికెడు తరువాత పిడికెడు నార అందించాలి. యంత్రం లాక్కుంటుంది. ఒక్క రెప్పపాటు ఆలస్యంగా వదిలితే నారతో పాటు చెయ్యి కూడా పోతుంది. ముందుగా వదిలితే నార చెదిరిపోతుంది. షిఫ్టుకు కొన్ని వేలసార్లు, సరిగ్గా వదలాల్సిన క్షణానే వదలాలి. అతను పదేళ్ళు వదిలాడు. పది వేళ్ళూ ఉన్నాయి. ఆ మిల్లులో అదే పెద్ద బిరుదు, కాని ఎవరూ అలా అనుకోలేదు. ఆ పని చేసేవాణ్ణి ఫీడరు అనేవారు. అన్ని పనుల్లోకీ అదే చివరిది. నేతవాళ్ళు తమలో ఎవడైనా మందకొడిగా ఉంటే, ఒరే ఫీడరూ అని తిట్టుకునేవారు. యంత్రం దగ్గర దుమ్ము. ఆ దుమ్ము పోలినాయుడి ఛాతీలో చేరింది. ఆట మధ్యలో పక్కకు తిరిగి దగ్గేవాడు. దగ్గుతూ కూడా నన్ను తప్పుగా పంపలేదు.

ఆ ఏడు మిల్లుల టోర్నమెంటు గుర్లపాడులోనే జరిగింది. అందరిలోకీ విలువైన ఆటగాడికి ఒక కప్పు. విశాఖపట్నం నుంచి ఒక పెద్ద కంపెనీ మనిషి ఆటలు చూడడానికి వచ్చాడు. మీరు ఎవరికి ఆ కప్పు ఇస్తే వాణ్ణి మా జట్టులోకి, పర్మనెంటు ఉద్యోగంలోకి తీసుకుంటాం అన్నాడు. అక్కడ దుమ్ము ఉండదు. సముద్రం గాలి. ఈ మాట విన్నాక పోలినాయుడి భార్య సన్నెమ్మ రోజూ కోర్టు పక్కకు వచ్చి నిలబడడం మొదలుపెట్టింది. ఆట ఆమెకు అర్థం కాదు. మొగుడి దగ్గు ఎన్నిసార్లు వస్తుందో లెక్కపెట్టుకునేది.

ఫైనల్లో ఆఖరి నిమిషం. మా జట్టు ఒక పాయింటు వెనకబడి ఉంది. అవతలివాళ్ళు ఇద్దరు పోలినాయుడి మీద పడ్డారు. అతని చూపు ఎడమకు ఉంది. మెడ, భుజం, పాదం, అన్నీ ఎడమకే ఉన్నాయి. నేను కుడివైపు బయలుదేరాను. అక్కడ ఎవరూ లేరు. ఖాళీ సిమెంటు వైపు పోతున్నాను. ఇతను మొదటిసారి తప్పాడనుకున్నాను. అప్పుడు కమలాకర్ వచ్చాడు. అతను అక్కడికి రావాలని అతనికే తెలియదు. పరుగెత్తుతూ చేతులు చాచాడు, చాచినచోట నేనున్నాను. అతను ఎక్కడుంటాడో అతనికంటే ముందు పోలినాయుడికి తెలుసు. ఎంతోమంది చేతుల్లోకి వెళ్ళాను. అలాంటిది ముందూ లేదు, తరువాతా లేదు. ఇప్పటికీ తలచుకుంటే నా తోలు బిగుసుకుంటుంది.

రింగులో పడ్డాను. గెలిచాం. జనం కమలాకర్‌ను భుజాల మీదికి ఎత్తుకున్నారు. పోలినాయుడు స్తంభం పట్టుకుని దగ్గుతున్నాడు.

క్లబ్బు గదిలో బల్ల వేశారు. దొర్లిపోకుండా నన్ను చుట్టకుదురు మీద పెట్టారు, పక్కన కప్పు. బల్ల చుట్టూ ముగ్గురు. మిల్లు మేనేజరు సోమయాజులు, యూనియన్ సెక్రటరీ అప్పలసూరి, డ్రిల్లు మాస్టారు జోగారావు. అప్పలసూరి నేత విభాగంలో పనివాడు, నోరున్న మనిషి.

"ముప్పై ఒక్క పాయింట్లు. ఇంక మాట్లాడ్డానికేముంది? కమలాకరే" అన్నాడు మేనేజరు.

"అయ్యి ఆడికెవులిచ్చారు బాబూ? ఆకాసం నుంచి ఊడిపడ్డాయేటి?" అన్నాడు అప్పలసూరి.

"మీ పోలినాయుడివి నాలుగే కదయ్యా."

"నాలుగే. పెళ్ళిలో వడ్డించినోడు ఎంత తిన్నాడని సూస్తారేటి బాబూ?"

మేనేజరు నవ్వాడు.

"నవ్వకండి. సెమీఫైనల్లో మన స్టోరు కీపరు పన్నెండేసినాడు. ఆ పొట్టతోటి. ఎవులేయించినారు?"

"అదీ నిజమే. ఆయనకు బూటు తాడు కట్టుకోవడానికి వంగడం కూడా రాదు."

"మరదే. ఆడు అందిస్తే మీరైనా ఏసీగలరు."

"నన్ను లాగకు" అన్నాడు మేనేజరు. కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. "నేనూ చూశాలే. ఆఖర్న అతను అటు చూస్తూ ఇటు ఇచ్చాడు. అర్థం కాలేదు గానీ, ఒళ్ళు జలదరించింది."

నేను చుట్టకుదురు మీద నిశ్చింతగా కూర్చున్నాను. పని అయిపోయిందనుకున్నాను. మేనేజరు కలం మూత కూడా తీశాడు.

"సరే మాస్టారూ, మీరు చెప్పండి. అతను చేసేదానికి ఏమిటి పేరు? ఆ కంపెనీవాళ్ళకు కాగితం రాయాలి. ఏదో ఒకటి అనాలి కదా."

జోగారావు ముఖం వెలిగిపోయింది. నా మీద చెయ్యి వేశాడు. ఆ చెయ్యి సంతోషంతో తడిసి ఉంది.

"పేరుందండి. ఆటలో అలాంటివాణ్ణి ఫీడరు అంటారండి. జట్టుకు ప్రాణం ఫీడరేనండి."

మేనేజరు కలం కాగితం పైన ఆగింది.

"ఫీడరా?" అన్నాడు మేనేజరు. "మిల్లులో కూడా అతను ఫీడరే కదూ?"

"ఈ ఫీడరు వేరండి, ఆ ఫీడరు వేరండి" అన్నాడు మాస్టారు.

"మాట ఒకటే కదండీ."

మాట ఒకటే. పని కూడా ఒకటే. ఆ చెయ్యి ఆ యంత్రం దగ్గర నేర్చుకున్నదే నా దగ్గర చేసింది. మేనేజరు తెలియక నిజం చెప్పాడు. చెప్పి కలానికి మూత పెట్టేశాడు.

"ఫీడరు కప్పు పట్టుకెళ్ళాడంటే ఎల్లుండి నలభైమంది ఫీడర్లు నా గుమ్మంలో ఉంటారు, మేమూ విలువైనవాళ్ళమే, గ్రేడు మార్చండి అని. ఏం అప్పలసూరీ?"

అప్పలసూరి తల గోక్కున్నాడు. "అదీ... నేతోళ్ళు నన్నడుగుతారు బాబూ. ఇరవైయేళ్ళ నేతగాడికి నేని కప్పు ఫీడరుకేటని. నానేటి సెప్పుకోను?"

"అయ్యా, నేను ఆ మాట అనలేదనుకోండి" అన్నాడు జోగారావు. "పేరు వద్దు. ఆట చూసి ఇవ్వండి."

అన్న మాటను వెనక్కి తీసుకోవడం మనుషులకు చేతకాదు. అయినా ప్రతిసారీ ప్రయత్నిస్తారు.

గుమ్మంలో కమలాకర్ ఉన్నాడు. మేనేజరు పిలిచాడు. ఇది నేను మరిచిపోలేని ఘట్టం.

"ఏం కమలాకర్, నువ్వే చెప్పు. ఆడినవాడివి నువ్వు. కప్పు నీకా, అతనికా?"

కమలాకర్‌కు ఉద్యోగం ఉంది. పర్మనెంటు. ఛాతీలో దుమ్ము లేదు. ఆఖరి పాయింటు ఎవరిదో అతని అరచేతులకు తెలుసు. ఒక్క పేరు చాలు. ఆ పేరు పలకడానికి అతనికి రెప్పపాటు పట్టదు. అతను వంగి, కట్టి ఉన్న బూటు తాడును విప్పి మళ్ళీ కట్టుకున్నాడు.

"మీరు పెద్దవాళ్ళు సార్. మీ ఇష్టం" అన్నాడు.

కప్పు అతనికి ఇచ్చారు. పోలినాయుడు చప్పట్లు కొట్టాడు. నేను చూశాను. నిజంగానే కొట్టాడు. సన్నెమ్మ మాత్రం చేతులు చీరకొంగులో పెట్టుకుంది.

కమలాకర్ విశాఖ వెళ్ళాడు. పోలినాయుడు మర్నాడు రెండు గంటల షిఫ్టుకు వెళ్ళాడు. ఆ తరువాత కూడా రెండేళ్ళు నాతో ఆడాడు. ఎవరికి అందిస్తే వాళ్ళు ఆటగాళ్ళయ్యారు. స్టోరు కీపరు ఒక మ్యాచిలో ఇరవై వేసి ఇంటికి వెళ్ళి ఏడ్చాడట, సంతోషంతో. టైపు రానివాడికి టైపు వచ్చినట్టు, పాట రానివాడికి పాట వచ్చినట్టు, చేతకాని మనుషులకు ఆ కోర్టులో ఆట వచ్చేది. తమ గొప్పే అనుకుని ఇళ్ళకు వెళ్ళేవారు. పోలినాయుడు వాళ్ళను అలా అనుకోనిచ్చాడు. నాకు అన్నిటికంటే పెద్ద వింత అదే. అతని చేతుల్లో నుంచి వెళ్ళిన ప్రతిసారీ నేనూ నా బరువు మరిచిపోయాను.

ఒక సాయంత్రం ఆట మధ్యలో ఆగిపోయాడు. ఊపిరి అందలేదు. నన్ను జోగారావు చేతిలో పెట్టాడు.

"సాలండి మాస్టారూ."

జోగారావు రెండేళ్ళుగా దాచుకున్నది అప్పుడు అడిగాడు. "నా మీద కోపం ఉందేమిట్రా? ఆ రోజు ఆ మాట అన్నాను."

"మీరు మంచి మాటే అన్నారండి" అన్నాడు పోలినాయుడు. "ఆల్లకి తెలిసింది ఇంకోటి."

జోగారావు నన్ను ఒడిలో పెట్టుకుని చాలాసేపు మెట్ల మీద కూర్చున్నాడు. పోలినాయుడు మళ్ళీ నన్ను తాకలేదు. తరువాత ఎంతమంది చేతులు తగిలినా నాకు చేతులు తగిలినట్టు లేదు. జత పోయినవాడికి ఇంటి నిండా మనుషులున్నా ఇల్లు ఖాళీయే.

నా తోలు చిట్లింది. మిల్లు మూతబడింది. క్లబ్బు మిగిలింది. నన్ను అద్దాల బీరువాలో పెట్టి ముందు ఒక అట్టముక్క నిలబెట్టారు. ఈ బంతితో శ్రీ కమలాకర్ ముప్పై ఒక్క పాయింట్లు చేసి కప్పు గెలిచారు అని. అట్టముక్కలో అబద్ధం ఒక్కటీ లేదు. మనుషులు అన్యాయాన్ని ఎప్పుడూ నిజాలతోనే రాస్తారు.

క్లబ్బుకు యాభై ఏళ్ళు నిండిన రోజు సభ పెట్టారు. కమలాకర్ వచ్చాడు. పెద్ద ఉద్యోగం చేసి రిటైరయ్యాడు, జుట్టు తెల్లబడింది. శాలువా కప్పారు. పోలినాయుడు పోయి అప్పటికి ఏడేళ్ళు. సన్నెమ్మను ఎవరో తీసుకొచ్చి మూడో వరసలో కూర్చోబెట్టారు.

కమలాకర్ మైకు ముందుకు వచ్చి శాలువా తీసి చేతి మీద వేసుకున్నాడు. తరువాత అన్నాడు: "ఆ కప్పు నాది కాదు. పోలినాయుడిది. ఆ రోజు నన్ను అడిగారు. నేను చెప్పలేదు."

హాలంతా చప్పట్లు. ఎంత పెద్ద మనసు అన్నాడు సభ నడిపే మనిషి. మనుషులు లేచి నిలబడి మరీ కొట్టారు. ఆ చప్పట్లు కూడా కమలాకర్‌కే వచ్చాయి.

సన్నెమ్మకు చెవులు సరిగా వినపడవు. "ఏటంతన్నాడు?" అని పక్కామెను అడిగింది. ఆమె చెవిలో చెప్పింది. సన్నెమ్మ విని, కొంచెంసేపు వేదిక వైపు చూసింది.

"ఆయన బతికున్నప్పుడు ఈ బాబుకి ఈ ఊరి బస్సు దొరకనేదేటి?" అంది. కర్ర తీసుకుని లేచి వెళ్ళిపోయింది.

సభ ముగిశాక కమలాకర్ బీరువా తెరిపించి నన్ను చేతుల్లోకి తీసుకున్నాడు. పోలినాయుడు నన్ను క్షమించాడా అని అడిగాడు, మెల్లగా. విన్నాను. జవాబు నా దగ్గర లేదు, ఉన్నా ఇవ్వను. జరిగింది చెప్పాను. ఇక ఈ సంగతి నన్ను ఎవరూ అడగవద్దు. నేను మళ్ళీ ఎత్తను.