కంచెకు ఇవతలి పసుపు

రేపు పొద్దున లారీ వచ్చి నా ఆవుల్ని సంతకు తోలుకుపోతుంది. మోకాళ్ళు అరిగిపోయాయి, ఇక నా వల్ల కాదు. ఆ మాట చెల్లెలు ఓపల్‌కి ఇంకా చెప్పలేదు. చెబితే ఎగిరి గంతేస్తుందనుకున్నాను. ఈలోగా అదే వచ్చి, పూత చూద్దామంటూ నన్ను గుట్ట మీదికి లాక్కుపోయింది.

గుట్ట మా ఇద్దరిదీ. అంతా సున్నపురాయి, పైన చారెడు మట్టి. ఒకప్పుడు అడవిదున్నలు ఉప్పుచెలమకు నడిచిన దారి అది. అక్కడ మొలిచే గోల్డెన్‌రాడ్ అనే పసుపు పూల మొక్క రకం మా కెంటకీలో కూడా అరుదు. ఓపల్ ప్రాణాలన్నీ దాని మీదే. నా ఆవులు తొక్కేస్తాయని ఏళ్ళ కిందటే చుట్టూ ముళ్ళకంచె వేయించింది. ఆ గొడవలో ఒక చలికాలమంతా మాకు మాటల్లేవు.

కంచె లోపల ఎటు చూసినా పసుపే.

"నీ పంట పండిందే!" అన్నాను.

ఓపల్ ఒక ఆకు తెంపి భూతద్దం పెట్టి చూసింది. దాని మొహం వాడిపోయింది.

"ఇది మనది కాదు వర్జిల్ అన్నయ్యా. రోడ్ల పక్కన మొలిచే రకం. చూడు, మనిషెత్తు ఉంది. ఆకు గరుకు, పొడుగునా మూడు ఈనెలు. మనది పొట్టిది. ఆకు సన్నంగా, నున్నగా ఉంటుంది."

"ఏదైతేనేం, రెండూ తుమ్ములు తెప్పించేవేగా."

"ఎన్నిసార్లు చెప్పాలి నీకు? తుమ్ములు తెప్పించేది పక్కనుండే ఆ పిచ్చిమొక్క. దాని పువ్వు కంటికి ఆనదు. చేసేది అది, తిట్లు తినేది ఇది."

నడుమెత్తు పెరిగిన సీడర్ మొక్కల నీడలో చాలాసేపు వెతికాం. ఒక్కటీ లేదు. నా కాళ్ళు పీకుతుంటే కంచె బయటికొచ్చి రాయి మీద కూలబడ్డాను. నా వెనకే వచ్చిన ఓపల్ ఆవుల దారిలో ఆగిపోయింది. గిట్టల గుంటల మధ్య, పేడ పక్కన, మోకాలెత్తు పసుపు కంకులు. వంగి ఆకు నిమిరింది.

"ఇదే," అంది. దారి పొడుగునా చూసింది. ఆవులు నడిచినంత మేరా ఉన్నాయి, అవతల లేవు.

"దున్నలు తొక్కిన నేలే అన్నయ్యా దీని ఇల్లు. గడ్డి కమ్మకుండా, నీడ పడకుండా అవే చూసుకున్నాయి. తర్వాత నీ ఆవులు చూసుకున్నాయి. కాపాడతానని కంచె కట్టి నేనే చంపాను."

గెలిచానని సంతోషించాల్సింది. ఒళ్ళంతా నీరసం తప్ప నాకేమీ అనిపించలేదు.

"రేపు వాటిని అమ్మేస్తున్నానే," అన్నాను.

అది చటుక్కున నా వైపు తిరిగింది.

"అమ్మొద్దు."

"మోకాళ్ళు నువ్విస్తావా?"

"ఇస్తాను."

ఆవు తల తిప్పితేనే ఆమడ దూరం పారిపోయే మనిషి! నవ్వడానికి కూడా ఓపిక లేక ఇంటికొచ్చి పడుకున్నాను.

తెల్లవారి లారీ హారన్‌కి లేచి వాకిట్లోకొచ్చాను. గుట్ట మీద కంచె తీగలు ఒకవైపు తెగి వేలాడుతున్నాయి. ఓపల్ నా రబ్బరు బూట్లు తొడుక్కుని, దాణా బకెట్ చేత్తో పట్టుకుని, లోపల నిలబడి ఉంది. పారిపోవడానికి సిద్ధంగా ఒక కాలు వెనక్కి వేసి ఉంచి, "సూక్, సూక్" అంటూ ఆవుల్ని రమ్మని పిలుస్తోంది. కొత్త గొంతు కావడంతో అవి కదల్లేదు.

లారీవాణ్ణి ఖాళీగా తిప్పి పంపించి, కుంటుకుంటూ గుట్ట ఎక్కి, దాని పక్కన నిలబడి నేనూ పిలిచాను.